పసుపు దీపం మీద స్టిక్కర్: టైర్ సెన్సర్ వెనక కథ

ఈరోజు ఎపిసోడ్‌లో రాజులు లేరు, యుద్ధాలు లేవు. కారు డ్యాష్‌బోర్డు మీద వెలిగే ఒక చిన్న పసుపు దీపం చరిత్ర చెప్తాను. గుర్రపు నాడాలాంటి ఆకారం, మధ్యలో ఆశ్చర్యార్థకం. చూసే ఉంటారు.

నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో ఉన్నప్పుడు ఆన్‌సైట్ అని టెక్సస్ పంపారు. అక్కడ కారు లేకపోతే ఇంట్లోకి పాలు కూడా తెచ్చుకోలేం. అందరిలాగే నేనూ సెకండ్ హ్యాండ్‌లో 2009 మోడల్ కారు కొన్నాను. మొదటి రోజు నుంచే ఆ దీపం. స్టార్ట్ చేయగానే నిమిషం పైన మిణుకుమిణుకుమనేది, తర్వాత వెలుగుతూనే ఉండేది. సీనియర్ ఒకాయన్ని అడిగితే, "పాత కార్లన్నిటికీ ఉండేదే తమ్ముడూ, ఓ స్టిక్కర్ అంటించెయ్" అన్నాడు. అంటించేశా.

ఇప్పుడు కాస్త వెనక్కి వెళ్దాం. 1986లోనే పోర్షే 959 కారులో టైర్ల గాలిని కనిపెట్టే ఏర్పాటు ఉంది. అది కోటీశ్వరుల కారు. మామూలు కార్లకి రావడానికి మాత్రం మనుషులు చచ్చిపోవాల్సి వచ్చింది.

1990లలో అమెరికాలో ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ బాగా అమ్ముడైన బండి. టైర్లు ఫైర్‌స్టోన్‌వి. వేగంగా పోతుండగా కొన్ని టైర్ల ట్రెడ్, అంటే రోడ్డుకి ఆనే పై పొర, ఊడిపోయేది. బండి పల్టీలు కొట్టేది. 2000 ఫిబ్రవరిలో హ్యూస్టన్‌లోని ఒక టీవీ చానెల్ దీన్ని బయటపెట్టింది. ఆగస్టులో సుమారు 65 లక్షల టైర్లు వెనక్కి పిలిచారు. ఫెడరల్ రోడ్డు భద్రతా సంస్థ లెక్కలో మరణాలు 271కి చేరాయి.

తప్పు టైరుదే అంది ఫోర్డ్. బండిదే అంది ఫైర్‌స్టోన్. ఫోర్డ్ చెప్పిన 26 పీఎస్ఐ గాలి చాలా తక్కువని కూడా వాదించింది. గాలి తగ్గితే టైరు పక్కలు ప్రతి చుట్టుకీ ఎక్కువ వంగుతాయి, వేడెక్కుతాయి. ఆ వేడికి పొరల మధ్య పట్టు సడలుతుంది. డ్రైవర్‌కి మాత్రం ఏమీ తెలియదు.

2000 నవంబరు 1న క్లింటన్ ట్రెడ్ చట్టం మీద సంతకం పెట్టారు. గాలి తగ్గితే కారే చెప్పాలన్నది అందులో ఒక షరతు. 2002లో వచ్చిన నిబంధన కంపెనీలకి ఒక చవక దారి కూడా వదిలింది: ఏబీఎస్ సెన్సర్లతో చక్రాల వేగాలు పోల్చి చూడటం. నాలుగు టైర్లలోనూ ఒకేలా గాలి తగ్గితే ఆ పద్ధతికి తెలియదు. వినియోగదారుల సంస్థ పబ్లిక్ సిటిజన్ కోర్టుకెళ్ళింది. 2003లో కోర్టు ఆ నిబంధన కొట్టేసింది. 2005లో కొత్తది వచ్చింది: ఒక టైరైనా, నాలుగైనా, ఉండాల్సిన దానికంటే 25 శాతం తగ్గితే దీపం వెలగాలి. 2007 సెప్టెంబరు నుంచి కొత్త కార్లన్నిటికీ తప్పనిసరి.

చాలా కంపెనీలు టైరు లోపలే, వాల్వ్ దగ్గర సెన్సర్ పెట్టాయి. ఒక చిన్న లిథియం బ్యాటరీ, ఒక రేడియో, దానికో ఐడీ నంబరు. నీళ్ళు, దుమ్ము తగలకుండా అంతా కలిపి సీల్ చేస్తారు కాబట్టి బ్యాటరీ ఒక్కటే మార్చడం కుదరదు. ఐదు నుంచి పదేళ్ళలో అది అయిపోతుంది. అంటే చట్టం తర్వాత వచ్చిన మొదటి తరం కార్ల సెన్సర్లన్నీ దాదాపు ఒకే కాలంలో చచ్చిపోయాయి. అప్పటికి ఆ కార్లు ఎవరి చేతిలో ఉంటాయి? నాలాంటి వాళ్ళ చేతిలో.

ఒక రాత్రి హైవే మీద స్టీరింగ్ కుడివైపు లాగడం మొదలుపెట్టింది. పక్కకి ఆపి చూస్తే ముందు టైరులో మేకు. చెయ్యి పెడితే కాలిపోతోంది. స్టిక్కర్ తీసి చూసినా లాభం లేదు, ఆ దీపం ఎప్పుడూ వెలుగుతూనే ఉంది కదా! మిణుకుమని తర్వాత నిలకడగా వెలిగితే సెన్సరే పాడైందని అర్థం. వెలగడమే నిలకడగా వెలిగితే గాలి తగ్గిందని. ఈ తేడా నాకు ఆ రాత్రి తర్వాతే తెలిసింది.

ఆ వారమే నాలుగు సెన్సర్లూ మార్పించా. టైరు రిమ్ నుంచి విప్పాలి కాబట్టి కొత్త టైర్లు వేయించేటప్పుడే మార్చుకుంటే కూలీ కలిసొస్తుంది. ఒకటి పోయిందంటే మిగతావీ అదే వయసువి, కాబట్టి నాలుగూ ఒకేసారి మార్చడం మేలు. కొత్త ఐడీలు కారు కంప్యూటర్‌కి నేర్పించాలి, లేకపోతే దీపం మళ్ళీ మిణుకుమంటుంది. ఇప్పుడే కుదరకపోతే గేజ్ ఒకటి కొనుక్కుని నెలకోసారి, టైర్లు చల్లగా ఉన్నప్పుడు చూసుకోండి.

చట్టం దీపం పెట్టించింది. పదేళ్ళ తర్వాత దాన్ని బతికించడం మాత్రం మన జేబు మీద వదిలేసింది. ఎప్పుడూ వెలిగే దీపం అసలు దీపమే కాదు. మీ కారులో అలాంటి స్టిక్కర్ ఉంటే, ఈ వీడియో అయ్యాక పీకెయ్యండి.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.