ఖుష్‌మహలు: ఓరుగల్లు కోటయందు చూడదగినదియు, చెప్పదగినదియు

ఏకశిలానగరమని సంస్కృతమున ప్రసిద్ధిగాంచిన ఓరుగల్లునకు మహాసభ నిమిత్తము విచ్చేయు సోదరీసోదరులు కోటను దర్శింపక మరలరు. వారికి కొన్ని మాటలు మనవిచేయుట మావంటి వృద్ధోపాధ్యాయుల విధియని తలంచి యీ వ్యాసమును వ్రాయుచున్నాము.

శిలాప్రాకారమును గణపతిదేవు డారంభింపగా, తత్పుత్రిక రుద్రమదేవి పూర్తిగావించెను. దాని నడుమ స్వయంభూదేవాలయపు తోరణములు నాలుగు దిక్కుల నిలిచియున్నవి. వానికి పడమటనున్న యెత్తైన సభాభవనమే ఖుష్‌మహలు. దాని వాలుగోడలను, లోపలి పెద్ద కమానులను చూచువారికి ఇది కాకతీయుల శిల్పరీతి గాదని తోచకమానదు. జనులు దీనిని షితాబుఖానుని కట్టడ మందురు. ఇతడే శాసనస్థుడగు చిత్తాపుఖానుడు; పాంచాలరాయ విగ్రహమును పునఃప్రతిష్ఠించెనని 1504 నాటి ఓరుగల్లు శాసనము తెల్పుచున్నది. శిల్పరీతిని పరిశీలించిన పండితులు కొందరు మాత్రము, 1323లో నగరము పతనమై సుల్తానుపురమను పేరొందిన తుగ్లకుల కాలమున నిది వెలసెనందురు.

నేడు మహలు చుట్టును కానరాని తోటలును చరిత్రకెక్కినవే. 1310లో మాలిక్ కాఫూరు ముట్టడిని వర్ణించిన అమీరు ఖుస్రో, హనుమకొండ గుట్టపైనుండి నగరమందలి మేడలును తోటలును కనబడునని వ్రాసెను. సేనలు చెట్లను నరికి కొయ్యకంచె కట్టుకొనుటయు నతడే చెప్పెను.

అమెరికాలోని విలియంసుబర్గున, 1781లో దగ్ధమైన గవర్నరు సౌధమును తోటలతోగూడ పునర్నిర్మించి 1934లో తెరచిరి. అచ్చట పూర్వకాలపు వేషము ధరించినవారు దర్శకులకు సౌధమును జూపి చరిత్రను వినిపింతురు. ఓరుగల్లునను మన యువకులు అట్లు చేయవచ్చును. కాని వేషము కల్పితము కావచ్చును. వాక్కు కల్పితము కారాదు. ఖుష్‌మహలు ముంగిట నిలిచి రుద్రమదేవి యిందు కొలువుదీరెనని చెప్పుట వినుటకింపైనను అసత్యమే.

ఈ నియమము వంశకథనమునకును చెల్లును. కాకతీయులను కొన్ని శాసనములు చతుర్థవర్ణజులనియు, కొన్ని సూర్యవంశజులనియు పేర్కొనుచున్నవి. వారిని తమవారినిగా జెప్పుకొను నుత్సాహము పెక్కు కులములకు గలదు; మన సంఘమును దీనికి వెలిగాదు. సంచికలందు ముద్రించిన యుత్సాహమే రేపటి బాలునకు చరిత్రయగును గదా! కావున పోషకులగు మహాశయులు స్తుతిపద్యముల ముద్రణకిచ్చు ద్రవ్యమున కొంత, మన బాలబాలికలకు శాసనలిపి నేర్పుటకు వినియోగింతురుగాకయని ప్రార్థించుచున్నాము. తాతల గొప్ప చెప్పుకొనుటకంటె వారి వ్రాతను చదువగలుగుట మేలు.