పబ్లిష్ నొక్కకముందే

1990ల మధ్యలో, అపాచీ సర్వర్ వచ్చిన కొత్తలో, పేజీ అందరికీ కనబడుతోందా అన్నది పెద్ద ప్రశ్న కాదు. సర్వర్ చూసే ఫోల్డర్‌లో ఫైలు పెడితే బహిరంగం, తీసేస్తే లేదు. సగం రాసిన పేజీని దాచాలంటే చాలామంది దానికి లింకు ఇవ్వకుండా ఊరుకునేవారు. చిరునామా ఎవరైనా ఊహిస్తే అంతే సంగతులు.

కంటెంట్ మేనేజ్‌మెంట్ సిస్టమ్‌లు ఆ నిర్ణయాన్ని ఫోల్డర్ నుంచి డేటాబేస్‌లోకి తెచ్చాయి. 2001లో వచ్చిన డ్రూపల్‌లో స్టేటస్ 1 అయితే ప్రచురితం, 0 అయితే కాదు. 2003లో మొదలైన వర్డ్‌ప్రెస్‌లో డ్రాఫ్ట్, ప్రైవేట్, పబ్లిష్ ఉండేవి. సంపాదకుడి ఆమోదం కోసం ఆగే 'పెండింగ్' 2007లోనూ, చెత్తబుట్ట 2009లోనూ చేరాయి.

చిక్కు 2010లో వచ్చిన వర్డ్‌ప్రెస్ 3.0తో మొదలైంది. అప్పటి నుంచి సైట్ మెనూలోని ఒక్కో అంశం కూడా డేటాబేస్‌లో ఒక పోస్టే, దాని స్టేటస్ కూడా 'పబ్లిష్' అనే ఉంటుంది. కానీ దానికంటూ పాఠకుడు తెరిచే పేజీ ఉండదు. జత చేసిన బొమ్మలది మరో తీరు: వాటికి సొంత స్టేటస్ ఉండదు, తల్లి పోస్టుదే వర్తిస్తుంది. అంటే స్టేటస్ ఒక్కటే చూసి తేల్చే ప్లగిన్ తప్పులో కాలేసినట్టే. పోస్టు రకం బహిరంగమా అని అడిగే ఫంక్షన్ 2015 డిసెంబర్‌లో 4.4తో వచ్చింది. రకాన్నీ స్టేటస్‌నూ కలిపి ఒకేసారి తేల్చే ఫంక్షన్ కోసం 2021 మార్చిలో 5.7 దాకా ఆగాల్సి వచ్చింది. ఇంత మామూలు ప్రశ్నకు అంత ఆలస్యమా అనిపిస్తుంది. పైగా పాస్‌వర్డ్ పెట్టిన పోస్టును కూడా ఆ ఫంక్షన్ బహిరంగమనే చెబుతుంది. లోపలి పాఠాన్ని కాపాడే పని వేరే కోడ్‌ది.

ఇవన్నీ డేటాబేస్‌ను అడిగే ప్రశ్నలు. అప్‌లోడ్ చేసిన పీడీఎఫ్ మాత్రం మామూలుగా ఇప్పటికీ సర్వర్ ఫోల్డర్‌లోనే ఉంటుంది. నేరుగా చిరునామా కొట్టినవారికి సర్వర్ ఎవరినీ అడక్కుండా ఇచ్చేస్తుంది. 2025 నవంబర్ 26న బ్రిటన్‌లో జరిగింది అదే. ఆర్థిక మంత్రి రేచెల్ రీవ్స్ బడ్జెట్ ప్రసంగానికి సుమారు గంట ముందే, బడ్జెట్ బాధ్యతా కార్యాలయం వారి అంచనాల నివేదిక బయటివారి చేతికి చిక్కింది. సైట్ వర్డ్‌ప్రెస్‌ది. పాత నివేదిక చిరునామాలో నెల పేరు మారిస్తే చాలు, కొత్తది తెరుచుకుంది. డౌన్‌లోడ్‌ల కోసం వాడిన ప్లగిన్ అమరికా, నేరుగా ఫైలు తెరవకుండా సర్వర్‌లో అడ్డు పెట్టకపోవడమూ కారణాలని విచారణలో తేలింది. కార్యాలయ అధిపతి రిచర్డ్ హ్యూస్ డిసెంబర్ 1న రాజీనామా చేశారు.