కుర్చీలు మింగిన మంద్రం

1962 సెప్టెంబరు 23న న్యూయార్క్‌ లింకన్ సెంటర్‌లోని ఫిల్‌హార్మోనిక్ హాలులో తొలి కచేరీ జరిగింది. ఆర్కెస్ట్రాకు సారథి లెనార్డ్ బెర్న్‌స్టీన్. అధ్యక్షుడి భార్య జాక్వెలిన్ కెనడీ వచ్చారు, టీవీలో ప్రత్యక్ష ప్రసారమూ సాగింది. ఆ సంబరం సద్దుమణగక ముందే ఫిర్యాదులు మొదలయ్యాయి. వయొలిన్లు పదునుగా వినిపిస్తున్నాయి గానీ సెల్లోలు, డబుల్ బేస్‌ల మంద్ర నాదం శ్రోతల దాకా రావడం లేదు. వేదిక మీద పక్కవాళ్లు వాయించేది వాద్యకారులకే సరిగా వినబడటం లేదు.

సింఫనీ కచేరీకి మైకులు ఉండవు. గోడలు, పైకప్పు, కుర్చీలు, జనం కలిసి ఏ సీటుకు ఎంత నాదం చేరనిస్తే అంతే. ఆరుబయట దూరం రెట్టింపైతే శబ్దం 6 డెసిబెల్స్ తగ్గుతుంది. మూసిన హాల్లో గోడలకు తగిలి తిరిగొచ్చే నాదం ఆ లోటును చాలావరకు పూడుస్తుంది.

దీని లెక్క పట్టుకున్నవాడు వాలెస్ సబైన్. 1895లో హార్వర్డ్ యూనివర్సిటీ తన ఫాగ్ మ్యూజియం ఉపన్యాస మందిరాన్ని బాగుచేయమని ఈ కుర్ర భౌతికశాస్త్ర అధ్యాపకుడికి అప్పగించింది. అక్కడ ఒక మాట అంటే ఐదున్నర సెకన్లపాటు మోగుతూనే ఉండేది. మాట మీద మాట పడి ఉపన్యాసం మొత్తం కలగాపులగం. సబైన్ ఊరు నిద్రపోయాక పనికి దిగేవాడు. శాండర్స్ థియేటర్ నుంచి సీట్ల మెత్తలు మోయించి తెచ్చి, కొన్ని కొన్నిగా పరుస్తూ, ఆర్గాన్ గొట్టం మోగించి, ఆ నాదం పూర్తిగా అణగిపోవడానికి ఎంతసేపు పడుతోందో కొలిచేవాడు. మెత్తలు పెరిగేకొద్దీ మోత తగ్గింది. ఆ లెక్కలతోనే 1900లో బోస్టన్ సింఫనీ హాలు లేచింది. ప్రపంచంలోని మేలైన కచేరీ మందిరాల్లో ఒకటిగా దానికి ఈనాటికీ పేరుంది.

న్యూయార్క్ హాలుకు ధ్వని సలహాదారు లియో బెరనెక్. ఆయన 50కి పైగా కచేరీ మందిరాలను పరిశీలించి, బోస్టన్ మాదిరిగానే ఇరుకైన దీర్ఘచతురస్రపు హాలు కట్టమన్నాడు. సీట్లు 2,400 చాలన్నాడు. ఇంకా ఎక్కువమందికి చోటుండాలని స్థానిక పత్రిక ఒకటి పట్టుబట్టింది. సీట్లు 2,600 దాటాయి, గోడలు పక్కలకు ఉబ్బాయి. కథ చెడింది ఇక్కడే.

వేదికపైన వేలాడదీసిన పలకలు సన్నని స్వరాలను జనంవైపు మళ్లించాయి. 100 హెర్ట్జ్ మంద్ర స్వరపు తరంగం మూడు మీటర్లకు పైగా పొడవుంటుంది. దాన్ని ఆపేంత పెద్దవి కావు ఆ పలకలు. అసలు వింత మాత్రం కింద కుర్చీల దగ్గర బయటపడింది. 150 హెర్ట్జ్ చుట్టుపక్కల స్వరాలు వరసల మీదుగా ఏటవాలుగా రాసుకుంటూ సాగినప్పుడు, కుర్చీ వీపుల నడుమ సందుల్లో చిక్కి బలం కోల్పోతున్నాయి. కుర్చీ ఖాళీగా ఉన్నా, మనిషి కూర్చున్నా అదే వరస. 1964లో ఈ సంగతి శాస్త్ర పత్రికలకెక్కింది. కనిపెట్టినవారిలో బెల్ ల్యాబ్స్‌కు చెందిన గెర్హార్డ్ సెస్లర్, జేమ్స్ వెస్ట్ ఉన్నారు. ఎలక్ట్రెట్ మైకును తయారుచేసింది కూడా ఈ ఇద్దరే. ఆ హాలును కొలిచిన బృందంలో బెంగళూరు ఐఐఎస్‌సీలో చదివిన బిష్ణు అటల్ కూడా పనిచేశాడు.

పైన బాల్కనీ వాళ్లకు ఈ బెడద తక్కువ. వేదిక నుంచి నాదం తలల మీదుగా నేరుగా వాళ్లను చేరుతుంది. అయినా టికెట్టు ధర చెవిని పట్టించుకోదు, కంటి సుఖాన్నే చూస్తుంది. మన టూరింగ్ టాకీసుల్లో తెర ముందు నేల టికెట్టు అన్నిటికన్నా చవక కావడానికీ కారణం కన్నే. కచేరీ హాల్లో మాత్రం సాధారణంగా కింది సీట్లు ఖరీదు, పై బాల్కనీ చవక. సంగీతం కోసమే వెళ్లేవాళ్లకు అది మంచి బేరం.

హాలుకు మరమ్మతుల మీద మరమ్మతులు జరిగాయి. 1973లో ఏవరీ ఫిషర్ అనే దాత కోటి డాలర్లకు పైగా ఇచ్చాడు. 1976లో లోపలి భాగాన్ని ఊడబెరికి కొత్తగా కట్టారు. మంద్రం కొంత మెరుగైంది, హాలు పొడవు మాత్రం తగ్గలేదు. చివరి వరసలో కూర్చున్నవాడికి ఆర్కెస్ట్రా ఎక్కడో దూరాన వాయిస్తున్నట్టే ఉండేది.

చివరికి 2022లో, 55 కోట్ల డాలర్ల ఖర్చుతో, అరవై ఏళ్ల క్రితం తీసుకోవాల్సిన నిర్ణయమే తీసుకున్నారు. 500కు పైగా సీట్లు తీసేసి 2,200కు కుదించారు. వేదికను 25 అడుగులు ముందుకు జరిపి, దాని వెనక కూడా వరసలు వేశారు. ఆ వెనక సీట్లలో కూర్చుంటే కండక్టరు ముఖం ఎదురుగా కనిపిస్తుంది. ఫ్రెంచ్ హార్న్ నోరు వెనక్కి తిరిగి ఉంటుంది కాబట్టి అది బిగ్గరగా వినిపిస్తుంది. గాయకులు మాత్రం అటువైపు తిరిగి పాడతారు, వారి గొంతు ఇక్కడికి సన్నబడే చేరుతుంది. పాట ఉన్న రోజున ఎదురు బాల్కనీలో టికెట్టు తీసుకోవడమే మేలు.