మూత్రపిండ రోగి గుండె: తెల్లకణముల వృత్తాంతము

గద్వాలలోగాని వనపర్తిలోగాని డయాలసిస్‌కు పోవు రోగి హఠాత్తుగా గుండె యాగి మరణించినప్పుడు, ఒంట నీరు చేరినదనియు, బీపీ పెరిగినదనియు, కొవ్వు రక్తనాళములను బూడ్చినదనియు చెప్పుకొందురు. ఈ కథనము అసత్యము కాదు, అసమగ్రము.

రోగగ్రస్తమైన మూత్రపిండములు గలవారి గుండె పెరిగియుండుటను 1836లో లండనున రిచర్డ్ బ్రైట్ వర్ణించుటయు, 1943లో హాలండున కోల్ఫ్ కృత్రిమ మూత్రపిండమును రోగికి ప్రయోగించుటయు ఎల్లరెరిగినవే. నాకు ముఖ్యముగా తోచునది 1968 నాటి యొక పరిశీలనము: రక్తము యంత్రమున ప్రవేశించిన కొలది నిమిషములకే తెల్లకణముల సంఖ్య దారుణముగా పడిపోవుచుండెను. నాటి యంత్రములోని సెల్యులోజు పొరను పరాయి వస్తువుగా నెంచి రక్తములోని కాంప్లిమెంట్ అను రక్షణ వ్యవస్థ మేల్కొనుటచే, ఆ కణములు గుంపులు గట్టి ఊపిరితిత్తుల సన్నని నాళములలో చిక్కుకొనుచున్నవని 1977లో తేలినది. ఈ నడుమనే, 1974లో, సియాటిల్ వైద్యులు చిరకాలము డయాలసిస్ పొందిన 39 మందిని పరిశీలింపగా మరణించిన 23 మందిలో 14 మంది ధమనీకాఠిన్యమునకే బలియైరి. నేరము కొవ్వుపై మోపబడెను. కాని 2005లో జర్మనీయందు 1255 మంది మధుమేహ డయాలసిస్ రోగులపై జరిగిన పరీక్షలో అటోర్వాస్టాటిన్ కొవ్వును బాగుగ తగ్గించియు, హృద్రోగములను చెప్పదగినంతగా తగ్గింపజాలకపోయెను. పోషణలోపము, శోథము (ఇన్‌ఫ్లమేషన్), ధమనీకాఠిన్యము మూడును కలిసి నడచునని 1999లోనే స్వీడనున స్టెన్వింకెల్ బృందము చూపియుండెను. రెచ్చిపోయిన మోనోసైటులను తెల్లకణములు నాళకుడ్యములలో దూరి నిత్యము రగుల్చు నిప్పే ఆ శోథము.

అయినను నా పక్షమునకు ప్రతికూలమైనది దాచను. 2009లో 2776 మంది డయాలసిస్ రోగులపై జరిగిన, అదే జాతి మందగు రోసువాస్టాటిన్ పరీక్షలో శోథసూచియగు సీఆర్‌పీ కూడ తగ్గెను, మరణములు తగ్గలేదు. పొటాషియము పెరిగి గుండె యాగుటయు, నాళములలో సున్నము పేరుకొనుటయు గలవు. కావున శోథము ఏకైక కారణమనను, ఉపేక్షితమైన కారణమందును.

ఇక చికిత్స సంగతి: 2007 ఏప్రిల్ 1న పేదల ఉచిత వైద్య పథకమగు ఆరోగ్యశ్రీ మొదలైన మూడు జిల్లాలలో, గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు అంతర్భాగములైన నాటి మహబూబ్‌నగర్ ఒకటి. ఒకప్పుడు కర్నూలుకో హైదరాబాదుకో పోవలసిన రోగికి నేడు యంత్రము చేరువైనది, సంతోషమే. కాని యంత్రములను లెక్కించి తృప్తిపడుట నాకు రుచింపదు. డయాలసిస్ కొరకు తాత్కాలికమని మెడకు వేసిన గొట్టము నెలల తరబడి నిలిచినచో, అది సూక్ష్మజీవులకు వాకిలియై తెల్లకణములను రెచ్చగొట్టుచునే యుండును. ముంజేతి ధమనిని సిరతో కలిపి చేయు ఫిస్టులాకు ఆ దోషము మిక్కిలి తక్కువ. శోథమును పెంచు చిగుళ్ళ చీమును, పప్పు గ్రుడ్డు కరవైన పళ్ళెమును అడుగువారేరీ?

రోగి బంధువులారా, మెడ గొట్టము తీసి చేతికి ఫిస్టులా ఎన్నడు చేయుదురని ఈ వారమే వైద్యుని అడుగుడు.