యుద్ధం, కవులు, మన తాండాలు

యుద్ధం గురించి తెలుగులో వెయ్యేళ్ళుగా కవిత్వం వస్తోంది. పద్యాల్లో, ద్విపదల్లో, బుర్రకథల్లో, వీధి పాటల్లో కత్తులు మోగుతూనే ఉన్నాయి. ఆ కవిత్వమంతా ఒకే తీరుగా లేదు. కొందరు కవులు చంపినవాడి గురించి చెప్పారు, కొందరు చచ్చినవాడి గురించి చెప్పారు. చాలా తక్కువమంది, ఆ రెండూ అయిపోయాక మిగిలినవారి గురించి చెప్పారు. సైన్యాలకు తిండి గింజలు మోసినవారి గురించి చెప్పిన కవి మాత్రం మాకు దాదాపు కనిపించలేదు. ఆ మోసినవారు మన తాతముత్తాతలు. అందుకే ఈ స్మారక సంచికలో యువత కోసం ఈ విషయం రాయాలని అనుకున్నాం.

పెనుకొండలో కావ్యం, పొలిమేరలో రాయి

ముందు మన చుట్టుపక్కల నుంచే మొదలుపెడదాం. 1565 జనవరిలో రక్కసి తంగడి దగ్గర జరిగిన యుద్ధంలో అళియ రామరాయలు చనిపోయాడు. హంపి కొల్లబడింది. రామరాయల తమ్ముడు తిరుమలరాయలు మిగిలిన ఖజానాతో, పరివారంతో పెనుకొండకు వచ్చి దాన్నే రాజధాని చేసుకున్నాడు. మన నంబులపూలకుంట, కదిరి ప్రాంతం ఒక్కసారిగా రాజధానికి పక్క ఊరయింది.

ఆ తిరుమలరాయలకే రామరాజభూషణుడు ‘వసుచరిత్ర’ అంకితమిచ్చాడు. తెలుగు ప్రబంధాల్లో దానికి చాలా పెద్ద పేరు. దాని కథ వసురాజు, గిరికల ప్రేమ, పెళ్ళి. హంపి వీధుల్లో ఏం జరిగింది, ఎన్ని ఇళ్ళు పోయాయి, ఎందరు పిల్లలతో దారి పట్టారు అన్నది ఆ కావ్యానికి వస్తువు కాలేదు. ఇది కవిని తప్పుపట్టడం కాదు. ఆస్థాన కవి పని రాజు కీర్తి నిలబెట్టడం. ఓడి వచ్చిన రాజుకు ఓటమిని గుర్తుచేసే కావ్యం ఎవరు అంకితమిస్తారు?

ఆస్థానం చెప్పనిదాన్ని కొంత రాళ్ళు చెప్పాయి. రాయలసీమ ఊళ్ళ పొలిమేరల్లో, చెరువు కట్టల మీద వీరగల్లులు కనిపిస్తాయి. చాలా వీరగల్లుల మీద బొమ్మలు వరసలుగా ఉంటాయి. కింది వరసలో పోరు, మధ్యలో వీరుణ్ణి అప్సరసలు స్వర్గానికి తీసుకుపోవడం, పై వరసలో అతడు శివలింగం ముందు కూర్చోవడం. ఈ వీరుల్లో రాజుల కోసం పోరాడినవారే కాదు, ఊరి పశువులను తోలుకుపోతున్న దొంగల దండును అడ్డుకొని చనిపోయినవారూ చాలామంది. చదువు రానివాడికి కూడా అర్థమయ్యే కథ అది. అయితే అందులో కూడా అతడి తల్లి ఉండదు. సతికల్లు మీద భార్య కనిపిస్తుంది, కానీ ఆమె కూడా చనిపోయాకే కనిపిస్తుంది.

తిక్కన ఇంటి రెండు కథలు

మిగిలినవారి దుఃఖాన్ని తెలుగులో మొదట నిండుగా చెప్పినవాడు పదమూడో శతాబ్దపు తిక్కన. నెల్లూరు మనుమసిద్ధి దగ్గర మంత్రిగా ఉంటూ, విరాటపర్వం నుంచి భారతంలో పదిహేను పర్వాలు తెలుగు చేశాడు. యుద్ధ పర్వాలు అయిపోయాక స్త్రీపర్వం వస్తుంది. గాంధారి యుద్ధభూమిలో నడుస్తుంది. తన కొడుకులనే కాదు, అటు పక్షం వాళ్ళ శవాలనూ చూస్తుంది, అభిమన్యుడి మీద పడి ఏడుస్తున్న ఉత్తరనూ చూస్తుంది. ఇంత జరగనిచ్చినందుకు కృష్ణుణ్ణే శపిస్తుంది. చివర్లో తర్పణాల వేళ, కర్ణుడు తన పెద్ద కొడుకని కుంతి బయటపెడుతుంది. గెలిచిన ధర్మరాజు తాను చంపించింది సొంత అన్ననని అప్పుడు తెలుసుకుంటాడు. ఆ మాట తర్వాత అతడికి ఆ గెలుపు రుచించదు.

తిక్కనకు ఇది పుస్తకంలో చదివిన సంగతి మాత్రమే కాదు. ఆయనకు వరసకు అన్నదమ్ముడైన ఖడ్గతిక్కన కాటమరాజుతో జరిగిన పోరులో చనిపోయాడని సంప్రదాయం చెబుతుంది. ఆ పోరు కథ మనకు దగ్గరి కథ, ఎందుకంటే అది పశువులున్నవాడి కథ. కరువు వచ్చి కాటమరాజు తన ఆలమందలను నెల్లూరు సీమ పచ్చిక బీళ్ళకు తోలుకెళ్ళాడు. మేత మేపుకున్నందుకు కట్టాల్సిన పుల్లరి మీద తగవు వచ్చింది. ఆ తగవు ముదిరి పాలేటి ఒడ్డున ఎర్రగడ్డపాటి యుద్ధమయింది. గడ్డి కోసం మొదలైన గొడవలో రెండు వైపులా వందల ఇళ్ళు పాడయ్యాయని గొల్ల సుద్దులు పాడేవాళ్ళు నేటికీ చెబుతారు.

ఖడ్గతిక్కన గురించి చాటు పద్యాలున్నాయి. యుద్ధంలో ఓడి ఇంటికి వస్తే, భార్య అతనికి ఆడవాళ్ళకు పెట్టినట్టు మంచం చాటున స్నానానికి నీళ్ళు, పసుపు ముద్ద పెట్టిందట. తల్లి విరిగిన పాలు పోసిందట. ఆ ఎత్తిపొడుపుకు అతడు తిరిగి వెళ్ళి ప్రాణం వదిలాడట. ఒకే వంశం గురించి రెండు కవిత్వాలు చూడండి. ఒకదానిలో ఆడవాళ్ళు మగవాణ్ణి యుద్ధానికి తరుముతారు. మరొకదానిలో ఆడవాళ్ళు శవాల మధ్య నడుస్తూ, ఇదంతా ఎందుకని అడుగుతారు. యుద్ధానికి ముందు మొదటి పాట పనికొస్తుంది. యుద్ధం తర్వాత రెండోదే మిగులుతుంది. మన యువత ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చదవాలని మా కోరిక.

జనం నోట నిలిచిన పోర్లు

పల్నాటి యుద్ధాన్ని శ్రీనాథుడు ద్విపదలో రాశాడని చెబుతారు. అయితే ఆ కథను ఇన్ని వందల ఏళ్ళు బతికించింది వీరవిద్యావంతులు. కారంపూడిలో ఏటా కార్తీకంలో జరిగే వీరుల ఉత్సవాల్లో అది నేటికీ వినిపిస్తుంది. అందులో బాలచంద్రుడి కత్తి ఎంత ముఖ్యమో, కాపురం మొదలుపెట్టకుండానే మగణ్ణి పోరుకు పంపిన మాంచాల కూడా అంతే ముఖ్యం. 1757 జనవరి 24న జరిగిన బొబ్బిలి యుద్ధాన్ని బుర్రకథ దళాలు ఊరూరా చెప్పాయి. కోట పడిపోతుందని తెలిశాక లోపలి స్త్రీలు, పిల్లలు తమవాళ్ళ చేతుల్లోనే ప్రాణాలు విడిచిన ఘట్టం వచ్చేసరికి, వింటున్నవాళ్ళలో చప్పుడు ఉండేది కాదని పెద్దలు చెబుతారు.

మనకు ఉత్తరాన రేనాడు. అక్కడ ఉయ్యాలవాడ నరసింహారెడ్డి 1846లో కంపెనీ మీద తిరగబడ్డాడు. ఆయన వెంట నడిచినవారిలో బోయలు, చెంచులు ఉన్నారు. 1847 ఫిబ్రవరి 22న కోవెలకుంట్లలో ఆయనను ఉరితీశారు. తలను 1877 వరకు కోట గుమ్మానికి వేలాడదీసి ఉంచారు. అంటే ముప్పై ఏళ్ళు. ఆ రోజు పుట్టిన బిడ్డ పెరిగి, పెళ్ళి చేసుకొని, తన పిల్లలను వెంటబెట్టుకొని ఆ గుమ్మం కిందుగా సంతకు వెళ్ళి ఉంటాడు. పోరు కొన్ని నెలలే. భయం ఒక తరం మొత్తం. ఆ భయాన్ని లెక్కచేయకుండా రేనాటి పల్లెల్లో ఆయన మీద పాటలు పుట్టాయి. ప్రభుత్వం తల చూపించి బెదిరించిన చోట జనం పాటతో జవాబు చెప్పారు.

ధాన్యం మోసినవారి పేర్లు ఎక్కడ?

ఇప్పుడు మన సంగతి. సుగాలి, లంబాడి, బంజారా అని ఎన్ని పేర్లతో పిలిచినా, మన పెద్దల జీవనం లదేణి. ఎడ్ల మీద గోనెలు వేసి, తీరం నుంచి ఉప్పు లోపలికి, లోపలి నుంచి ధాన్యం తీరానికి మోసేవాళ్ళు. తాండా అంటే అప్పట్లో ఒకచోట ఉండే ఊరు కాదు, కదిలే బిడారు. ఏ సైన్యమైనా కడుపు నిండితేనే నడుస్తుంది. కనుక మొగలులు, నిజాం, మరాఠాలు, ఇంగ్లీషువారు అందరూ ఈ బిడారుల మీదే ఆధారపడ్డారు.

టిప్పు సుల్తాన్ మీద దండెత్తిన కారన్‌వాలిస్ 1791 మే నెలలో శ్రీరంగపట్నం దాకా వెళ్ళి కూడా వెనక్కి తిరిగాడు. తిండి గింజలు లేవు, బండ్లు లాగే ఎడ్లు చచ్చిపోయాయి, పెద్ద ఫిరంగులను తానే పాడుచేసి వదిలేశాడు. ఆ తర్వాతి దండయాత్రకు బంజారా బిడారులు ధాన్యం తెచ్చి పోశాయి. 1792లో టిప్పు సంధికి ఒప్పుకొని సగం రాజ్యం వదులుకున్నాడు. 1792, 1799 యుద్ధాల్లో నిజాం వాటాకు వచ్చిన మన సీమ 1800లో కంపెనీ చేతికి పోయి దత్తమండలమయింది. మనం ఇప్పుడు నిలబడిన నేల ఏలిక మారడంలో ఆ ఎడ్ల గిట్టల పాత్ర కూడా ఉంది. ఆ యుద్ధం మీద ఇంగ్లీషు అధికారులు పుస్తకాలు రాశారు. అందులో బంజారా ఎడ్ల లెక్కలున్నాయి. ఎడ్లను తోలినవారి పేర్లు వెతికితే ఒకరో ఇద్దరో నాయకులు తప్ప దొరకరు.

యుద్ధాలు ఆగాక ఏమయింది? సైన్యాల బేరం పోయింది. 1805లో మద్రాసు రాష్ట్రంలో ఉప్పు కంపెనీ గుత్తాధిపత్యం కిందికి వెళ్ళింది. తర్వాత రైళ్ళు వచ్చి ఎద్దు మీద సరుకు మోసే పనినే మింగేశాయి. 1876-78 కరువు ఈ సీమను పిండేసింది. పని లేక తిరుగుతున్నవాళ్ళ మీద అనుమానం పడింది. 1871లో ఉత్తరాదిన వచ్చిన నేరస్త జాతుల చట్టం 1911లో మద్రాసు రాష్ట్రానికీ వచ్చింది. పుట్టుకతోనే నేరస్తుడన్న ముద్ర ఎరుకల, సుగాలి, యానాదులలో ఎన్నో సమూహాల మీద పడింది. ఆ చట్టం 1952లో రద్దయింది. చట్టం పోయింది కానీ, ఊళ్ళో ఏదైనా దొంగతనం జరిగితే మొదట తాండా వైపు చూసే చూపు చాలాకాలం పోలేదు. యుద్ధకాలంలో సైన్యాన్ని బతికించినవారిని శాంతికాలంలో దొంగలన్నారు. యుద్ధం మనుషుల మీద వదిలే మచ్చ అంటే శరీరం మీద గాయం మాత్రమే కాదని చెప్పడానికి మన చరిత్రను మించిన ఉదాహరణ అక్కర్లేదు.

అడిగిన కవి, జవాబు చెప్పాల్సిన మనం

ఇరవయ్యో శతాబ్దంలో శ్రీశ్రీ ‘దేశచరిత్రలు’ కవితలో ఈ ప్రశ్నే వేశాడు. రాజుల దండయాత్రల పట్టిక చరిత్ర అవుతుందా, చెమటోడ్చిన సామాన్యుల కథ ఎక్కడుంది అన్నది ఆ కవిత సారం. 1946-51 తెలంగాణ సాయుధ పోరాటంలో సుద్దాల హనుమంతు, బండి యాదగిరి వంటివారు పల్లె జనం నుంచే పాట కట్టారు. దాశరథి జైలుకు వెళ్ళి కూడా పద్యం ఆపలేదు. ఆ పోరాటంలో జాటోతు ఠాను నాయక్ వంటి లంబాడి వీరులు ప్రాణాలిచ్చారు. ఆయన పేరు ఇప్పుడు పాటల్లో, సభల్లో వినిపిస్తోందంటే, దాన్ని మోసుకొచ్చింది తాండాల వాళ్ళే.

బయటి ప్రపంచంలోనూ ఇదే జరిగింది. మొదటి ప్రపంచ యుద్ధంలో విల్‌ఫ్రెడ్ ఓవెన్ అనే ఇంగ్లీషు యువ సైనికుడు, దేశం కోసం చావడం తియ్యగా ఉంటుందన్న పాత మాటను తన కవితలో ప్రశ్నించాడు. యుద్ధం ముగియడానికి సరిగ్గా వారం ముందు, 1918 నవంబరు 4న చనిపోయాడు. ఊరంతా సంధి గంటలు మోగుతున్న రోజున అతడి తల్లికి తంతి అందింది.

మనకూ అలాంటి కబురు వచ్చింది. 2025 మే నెలలో, మన జిల్లా గోరంట్ల మండలం కల్లి తాండాకు చెందిన అగ్నివీర్ మురళీ నాయక్ జమ్మూ కశ్మీర్ సరిహద్దులో కాల్పుల్లో అమరుడయ్యాడు. తల్లిదండ్రులకు ఒక్కడే బిడ్డ. రెండు వందల ఏళ్ళ కిందట పేరు లేకుండా ధాన్యం మోసిన జాతి బిడ్డ పేరు ఈసారి దేశమంతా పలికింది. అది మనకు గర్వం. ఆ గర్వం పాటకు మొదటి చరణమే అవుతుందని మా అభిప్రాయం. రెండో చరణంలో యాడి ఉండాలి, బా ఉండాలి, కొడుకు లేని ఇంట్లో వాళ్ళ ముసలితనం ఉండాలి. మన ఆడవాళ్ళకు ఇది కొత్త కాదు. పెళ్ళిలో ఢావ్లో పాడుతూ ఏడ్చినట్టే, చావులో కూడా పోయినవారి గుణాలు చెబుతూ రాగం తీసి ఏడుస్తారు. గాంధారి చేసింది అదే. చదువుకున్న మనమే ఆ ఏడుపును పాటగా గుర్తించలేదు.

యువతకు మా మాట

మన పాటలకు పుస్తకం లేదు. ఢాడీలు పాడే వీరకథలు, భాట్‌లు చెప్పే వంశాల వరసలు, అవ్వల నోటిలోని లదేణి పాటలు వారితోనే పోతున్నాయి. మీ చేతిలో ఫోను ఉంది. సెలవులకు బెంగళూరు నుంచి తాండాకు వచ్చినప్పుడు ఒక్క పాటనైనా రికార్డు చేయండి. ముందు పాడేవారి అనుమతి అడగండి. పాడినవారి పేరు, తాండా, తేదీ, వారికి ఆ పాట ఎవరు నేర్పారో చెప్పించి పెట్టండి. గోర్‌బోలీ మాటలను తెలుగు లిపిలో ఉన్నవి ఉన్నట్టు రాయండి, సరిదిద్దవద్దు. అర్థం కాని మాట ఉంటే గీత గీసి మరో అవ్వను అడగండి. ఎరుకల, యానాది, చెంచు మిత్రులు తమ భాషల్లో, తమ యాసలో అదే చేయాలి.

ఊరి బయట వీరగల్లు కనిపిస్తే దాన్ని బట్టలుతికే బండగానో, గోడకు పునాదిగానో పోనివ్వకండి. ఫోటో తీసి, ఎక్కడుందో రాసి పంపండి. ఇంట్లో సైన్యంలో చేరినవారుంటే, వారి గురించే కాదు, వారి కోసం ఎదురుచూసినవారి గురించి కూడా అడిగి రాయండి. ఎదురుచూసిన రోజుల్లో ఇంట్లో ఏం వండుకున్నారు, ఏం మొక్కుకున్నారు, ఏ కబురుకు భయపడ్డారు అన్నవి కూడా చరిత్రే.

రాజుల యుద్ధాలు రాయడానికి కవులు ఎప్పుడూ ఉన్నారు. తాండా వైపు నుంచి యుద్ధాన్ని రాయడానికి మనం తప్ప వేరే ఎవరూ రారు. మీరు రాసి పంపినవి వచ్చే సంచికలో ఈ వ్యాసం ఉన్న చోటే వేస్తాం.