ఎక్కడ నిలబడి చూడాలి?

ఫిలిప్పో బ్రూనెల్లెస్కి వృత్తిరీత్యా చిత్రకారుడు కాదు. 1377లో ఫ్లారెన్స్‌లో ఒక నోటరీ ఇంట పుట్టి, కంసాలి పనిలో ఆరితేరాడు. 1401లో ఆ ఊరి బాప్టిస్టరీకి, అంటే బాప్తిస్మాలిచ్చే మందిరానికి, కంచు తలుపులు చేయించాలని పోటీ పెడితే అందులో దిగాడు గానీ, పని లొరెంజో గిబెర్టీకి దక్కింది. ఆ పోటీ కోసం ఇద్దరూ చేసిన కంచు ఫలకాలు ఇవాళ్టికీ ఫ్లారెన్స్‌లోని బార్జెల్లో మ్యూజియంలో ఉన్నాయి. ఆ తర్వాత అతను రోమ్ వెళ్లి, శిల్పి దొనాతెల్లోతో కలిసి పాత శిథిలాల కొలతలు తీస్తూ గడిపాడని జీవితచరిత్ర రాసిన అంతోనియో మానెట్టి చెప్పాడు.

రినైజాన్స్ అనగానే మనకు లియొనార్డో, మైకెలాంజెలో, రఫాయెల్ గుర్తొస్తారు. వాళ్లు పుట్టకముందే వాళ్ల బొమ్మలకు పునాది వేసినవాడు ఈ కొలతల మనిషి. చదునైన పలక మీద దూరాన్ని లెక్క ప్రకారం చూపించే పర్‌స్పెక్టివ్ అతని చేతుల మీదుగా వచ్చింది. దాని గురించి రాసేవాళ్లు చాలామంది బొమ్మకు లోతు వచ్చిందని మెచ్చుకుని ఊరుకుంటారు. నాకు అంతకన్నా పెద్ద సంగతి మరొకటి కనిపిస్తుంది. బొమ్మ తనను చూసేవాళ్లకు నిలబడాల్సిన చోటు చూపించడం అప్పుడే మొదలైంది.

లోతు కోసం అంతకుముందు ప్రయత్నించినవాళ్లు లేకపోలేదు. 1337లో చనిపోయిన జొత్తో, మనుషులు మసిలేంత జాగా ఉన్న గదుల్ని గోడల మీద చూపించాడు. సియెనా చిత్రకారుడు అంబ్రోజో లొరెంజెత్తి 1344లో వేసిన ‘మంగళవార్త’లో నేల మీది గళ్ల గీతలు ఒకే చోటికి చేరతాయి. అయితే అవి అనుభవంతో, కంటి అంచనాతో సాధించినవి. ఇరవై అడుగుల దూరంలో ఉన్న స్తంభం బొమ్మలో ఎంత పొడుగుండాలని అడిగితే, ఇంత అని చెప్పే సూత్రం లేదు.

ఆ సూత్రానికి కావలసిన సరుకంతా ఫ్లారెన్స్‌లోనే ఉంది. ఉన్ని, పట్టు, వడ్డీ వ్యాపారాలతో బతికే ఊరది. వర్తకుల పిల్లలు లెక్కలు నేర్పే అబాకో బడుల్లో త్రైరాశికం నేర్చుకునేవాళ్లు. పైకెక్కకుండా ఒక గోపురం ఎత్తు ఎంతో తేల్చడం అక్కడ మామూలు లెక్క. నేల మీద పాతిన చిన్న కర్ర, దూరంగా గోపురం, ఒకే పోలికలో ఉన్న రెండు త్రిభుజాలు ఉంటే చాలు. ఇక పండితుల దగ్గర ఇబ్న్ అల్ హైథమ్ అనే అరబ్బు శాస్త్రవేత్త 11వ శతాబ్దంలో రాసిన దృష్టిశాస్త్ర గ్రంథం ఉంది. వస్తువు మీది ప్రతి బిందువు నుంచీ వెలుగు తిన్నగా వచ్చి కంటికి చేరుతుందని, ఆ కిరణాలన్నీ కన్ను కొనగా ఉన్న శంకువులా ఏర్పడతాయని అందులో ఉంది. అది మొదట లాటిన్‌లోకి, 14వ శతాబ్దంలో ఇటాలియన్‌లోకి వచ్చింది. తలుపుల పోటీలో నెగ్గిన గిబెర్టీయే తన రచనలో దాన్ని విరివిగా వాడుకున్నాడు.

బ్రూనెల్లెస్కి చేసిన ప్రయోగం 15వ శతాబ్దం తొలినాళ్లది. కెతీడ్రల్ నడిమి గుమ్మానికి కాస్త లోపల నిలబడి, ఎదురుగా ఉన్న ఎనిమిది పలకల బాప్టిస్టరీని చిన్న చదరపు చెక్క మీద వేశాడు. చెక్క కొలత అడుగుకన్నా కాస్త తక్కువ. బాప్టిస్టరీ గోడల మీది రంగు రంగుల పాలరాతి వరసల్ని ఎంత సన్నగా దిద్దాడంటే, చేతిరాత పుస్తకాలకు బొమ్మలు వేసేవాళ్లు కూడా అంతకన్నా బాగా వేయలేరని మానెట్టి అన్నాడు. ఆకాశం ఉండాల్సిన చోట రంగు వేయలేదు. మెరుగుపెట్టిన వెండి పరిచాడు. నిజమైన ఆకాశం అందులో ప్రతిఫలించేది, గాలికి కదిలే మబ్బులతో సహా.

తర్వాత ఆ చెక్కకు చిల్లు పెట్టాడు. బొమ్మ ఉన్న వైపు అది మసూర గింజంత. వెనకవైపుకు వెళ్లేకొద్దీ వెడల్పై బంగారు నాణెమంత అయ్యేది. చూసేవాళ్లు చెక్క వెనకవైపు కన్ను ఆనించి, మరో చేత్తో అద్దం ఎదురుగా పట్టుకోవాలి. అప్పుడు చిల్లులోంచి అద్దంలో బొమ్మ కనపడుతుంది. సరిగ్గా అతను నిలబడిన చోటే నిలబడి అలా చూస్తే, కళ్లెదుట అసలు బాప్టిస్టరీయే ఉన్నట్టుండేదట. ఆ చెక్కను తన చేతుల్తో పట్టుకుని చాలాసార్లు చూశానని మానెట్టి రాశాడు.

ఆ చిల్లు ఎందుకో ఆలోచించండి. చిల్లు లేకపోతే ఒకరు దగ్గర నుంచి, ఒకరు పక్క నుంచి, ఎవరికి తోచినట్టు వాళ్లు చూస్తారు. చిల్లు ఒక్క కన్నునే రానిస్తుంది, దాన్నీ ఒక్క చోటే ఆపుతుంది. చిత్రకారుడి కన్ను ఎక్కడుందో చూసేవాళ్ల కన్ను అక్కడే ఉండాలి. పర్‌స్పెక్టివ్ అంతా ఈ ఒక్క షరతు మీదే నిలబడింది. బ్రూనెల్లెస్కి పలాజో వెక్యో భవనాన్ని కూడా మరో పెద్ద పలక మీద వేశాడు. దానికి చిల్లు పెట్టలేదు. ఆకాశం ఉండాల్సిన భాగాన్ని కప్పుల అంచు వెంట కోసి తీసేశాడు, అసలు ఆకాశమే కనిపించేలా. ఈ రెండు పలకలూ ఇప్పుడు లేవు.

పోయిన పలకల సంగతి ఎంత నిజమో చెప్పే సాక్ష్యం మాత్రం శాంతా మరియా నొవెల్లా చర్చి గోడ మీద ఉంది. మసాచ్చో అనే యువకుడు 1427 ప్రాంతంలో అక్కడ ‘త్రిత్వం’ వేశాడు. ఎత్తు ఆరున్నర మీటర్ల పైమాట. సిలువ మీద క్రీస్తు, వెనక తండ్రి దేవుడు, కింద మరియ, యోహాను, వెలుపల మోకరిల్లిన దాతలిద్దరు. వీళ్ల వెనక గళ్లు తీర్చిన కమాను కప్పుతో ఒక గది గోడలోకి చొచ్చుకుపోయినట్టు కనిపిస్తుంది. మేకుకు దారం కట్టి, తడి గచ్చులో గీసుకున్న గాట్లు ఇప్పటికీ ఉన్నాయి. గీతలన్నీ కలిసే బిందువు సిలువ అడుగున, నేల మీద నిలబడిన మనిషి కంటి ఎత్తులో ఉంది. అందుకే కప్పును కింద నుంచి చూస్తున్నట్టే అనిపిస్తుంది. ఆ బిందువుకు దిగువన, రాతి శవపేటిక మీద ఒక అస్థిపంజరం పడుకుని ఉంటుంది. 1428లో మసాచ్చో రోమ్‌లో చనిపోయినప్పుడు అతని వయసు 26.

ఈ బొమ్మకు జరిగిన అన్యాయం చెప్పకుండా ముందుకు పోలేను. చిత్రకారుల జీవితాలు రాసిన జార్జియో వసారి తన పుస్తకంలో దీన్ని ఎంతో మెచ్చుకున్నాడు. అదే వసారి 1570 ప్రాంతంలో చర్చిని మార్చికట్టే పనిలో దీని ముందు కొత్త బలిపీఠం కట్టించి మూసేశాడు. చెరిపేయలేదు, అంతవరకు అతనికి రుణపడి ఉండాలి. బొమ్మ 1860లో బయటపడింది. అస్థిపంజరం ఉన్న కింది భాగం 1952 దాకా గోడలోనే ఉండిపోయింది.

చేతుల్లో ఉన్న విద్యను పుస్తకంలో పెట్టినవాడు లియోన్ బత్తిస్తా అల్బెర్టి. 1435లో లాటిన్‌లో ‘చిత్రకళ గురించి’ రాశాడు, మరుసటి ఏడాది ఇటాలియన్ ప్రతిని బ్రూనెల్లెస్కికి అంకితమిచ్చాడు. బొమ్మను కిటికీ అనుకోమన్నాడు. కంటికి చేరే కిరణాల శంకువును మధ్యలో అడ్డంగా కోస్తే వచ్చేదే బొమ్మ అన్నాడు. గళ్ల నేల ఎలా గీయాలో అంచెలంచెలుగా చెప్పాడు. అతని లెక్కలో ఒక చక్కని ఫలితం ఉంది. చూసేవాళ్లూ బొమ్మలోని మనుషులూ ఒకే నేల మీద నిలబడి ఉంటే, దగ్గరివాళ్లైనా దూరంవాళ్లైనా అందరి తలలూ ఒకే గీత మీదికి వస్తాయి, పాదాలు మాత్రం దూరాన్ని బట్టి మారతాయి. రద్దీ బజారులో నిలబడి చూస్తే మీకే తెలుస్తుంది.

అయినా విద్య అందరికీ అందడానికి చాలాకాలం పట్టింది. చిత్రకారుడు ఉచ్చెల్లో యుద్ధం బొమ్మ వేస్తూ నేల మీద పడిన విరిగిన బల్లేల్ని కూడా లెక్క ప్రకారం పడుకోబెట్టాడు. మరో చిత్రకారుడు పియెరో దెల్లా ఫ్రాంచెస్కా దీని మీద ఏకంగా గ్రంథమే రాశాడు. జర్మనీ నుంచి వెనిస్ వచ్చిన చిత్రకారుడు డ్యూరర్, ఈ రహస్యవిద్య నేర్చుకోవడానికి బొలోన్యా వెళ్తానని 1506లో మిత్రుడికి ఉత్తరం రాశాడు. 1525లో తానే జర్మన్‌లో పుస్తకం అచ్చువేసి ఆ రహస్యాన్ని అందరికీ పంచాడు.

చూసేవాళ్ల కన్ను ఒక్క చోటే ఉండాలన్న షరతును తెలిసి తెలిసి మీరినవాడు లియొనార్డో. మిలాన్‌లో 1498 నాటికి ముగించిన ‘చివరి విందు’లో క్రీస్తు కణత దగ్గర మేకు కొట్టిన గుర్తు దొరికింది. గది గీతలన్నీ అక్కడికే పోతాయి. కానీ ఆ లెక్కకు కన్ను ఉండాల్సిన చోటు భోజనశాల నేలకు సుమారు నాలుగున్నర మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ ఎవరూ నిలబడలేరు. ఆ గదిలో భోంచేసే సన్యాసుల నుంచి ఈ విందును కావాలనే ఎత్తులో ఉంచాడని నా నమ్మకం.

బరోక్ కాలానికి వచ్చేసరికి బొమ్మ కిటికీ దాటి బయటికి వచ్చింది. కరవాజ్జో 1601లో వేసిన ‘ఎమ్మాయులో భోజనం’లో ఒక శిష్యుడు చాచిన చెయ్యి మన మీదికి వస్తుంది, పళ్లబుట్ట బల్ల అంచు మీదుగా మన వైపు పడబోతుంది. ఇక జెసూట్ సోదరుడు ఆంద్రెయా పోజ్జో చేసింది సాహసమే. రోమ్‌లోని సాంత్ ఇగ్నాజియో చర్చికి గుమ్మటం కట్టలేదు. ఆ లోటు తీర్చడానికి 1685లో సుమారు 17 మీటర్ల వెడల్పున్న గుడ్డ మీద గుమ్మటం చిత్రించి పైన బిగించాడు. తర్వాత 1694 నాటికి వంపు తిరిగిన కప్పంతా ఆకాశంలోకి తెరుచుకున్నట్టు వేశాడు. వంపు మీద గీతలు నిటారుగా కనపడాలంటే ఎలా? కప్పు కింద దారాలతో వల బిగించి, నేల మీద చూపు ఉండాల్సిన చోట దీపం పెట్టి, వల నీడ కప్పు మీద పడేలా చేసే ఉపాయాన్ని తన పుస్తకంలో వివరించాడు. చోట్లు ఇంకొన్ని ఉంటే బాగుండేదని అన్నవాళ్లకు, ఒక్కటే చాలని బదులిచ్చాడు. ఆ చోటును నేల మీద గుండ్రటి రాతి పలకతో గుర్తుపెట్టారు. దాని మీద నిలబడితే స్తంభాలు నిలువునా లేస్తాయి, పక్కకు జరిగితే వాలిపోతాయి.

పోజ్జో నాటకాలకూ తెరలు వేశాడు. ఇటలీ రంగస్థలం మీద ఇలా పెరిగిన లోతు తెరల సంప్రదాయమే యూరప్ నాటకశాలల నుంచి పార్సీ కంపెనీలకు, అక్కణ్నుంచి మన సురభి దర్బారు తెరలకు చేరింది.

ఈసారి రఫాయెల్ ‘ఏథెన్స్ విద్యాపీఠం’ మీకు ఏ పుస్తకంలోనైనా ఎదురైతే స్కేలు తీసుకుని నేల మీది గీతల్ని పైకి పొడిగించండి. అవి ప్లేటో, అరిస్టాటిల్‌ల మధ్య కలుస్తాయి. ఆ బిందువుకు తిన్నగా ఒక్క కన్నే ఉంచి, పుస్తకాన్ని మెల్లగా దగ్గరికీ దూరానికీ జరుపుతూ చూడండి. ఇంట్లో పిల్లలుంటే వాళ్లచేత కూడా చేయించండి.