కుమారోదయమూ మంత్రసానీ

కావ్యానికి చెప్పిన అష్టాదశ వర్ణనల్లో కుమారోదయం వొకటి. ఏటా విద్యార్థుల చేత యీ జాబితా వల్లె వేయిస్తూనే వున్నాను. కుమార్తె పుట్టుకకు అందులో చోటు లేదన్న సంగతి వాళ్లే పట్టుకుని నవ్వుతారు. బిడ్డను ముందుగా చేతుల్లోకి తీసుకున్న మంత్రసానికి కూడా చోటు లేదని మాత్రం వాళ్లు అడగలేదు, నేనూ చెప్పలేదు. రఘువంశంలో గర్భవతి అయిన సుదక్షిణ మట్టి తింటుంది. కవికి అది సొగసు. వైద్యుడికి రక్తహీనత అనుమానం.

యీ లోపం నాకు తట్టింది ముడిమ్యాలలో. చేవెళ్ల దగ్గరి ఆ వూళ్లో వెనకటి కాన్పుల ముచ్చట వొక ముసలామెను అడిగాను. వొకప్పుడు ఎన్నో పురుళ్లు ఆమె చేతి మీదుగా జరిగాయి. “బిడ్డ అడ్డం తిరిగితే ఏం జేసేటోళ్లు అవ్వా?” అన్నాను. “ఏం జేస్తం బిడ్డా! పట్నం పోవాలె, బండి కట్టాలె. బండి ఎవలకున్నది? ఉన్నోళ్లకే ఉన్నది” అంది. బొడ్డు కోసినందుకు ఆమెకు ముట్టింది జొన్నలూ, పాతచీరా. పెద్దిళ్లలో పురిటిస్నానం దాకా ఆమె చేయి కావాలి. ఆ తరువాత ఆమె గడప తొక్కరాదు.

బండి పోవలసిన పట్నం నాలుగామడలకు మించదు. అక్కడ 1906లోనే విక్టోరియా జనానా ఆసుపత్రికి వేల్సు యువరాణి పునాదిరాయి వేసింది. 1908 మూసీ వరద తరువాత ఉస్మాన్‌సాగరు (1920), హిమాయత్‌సాగరు (1927) కట్టారు. చేవెళ్ల, మొయినాబాదు నేలల మీద కురిసిన వాన ఆ జలాశయాల్లో నిలిచి నగరానికి తాగునీరయింది. నీటికి దొరికిన తోవ నొప్పులు పడే కూలి తల్లికి దొరకలేదు.

వైద్యశాస్త్రం ముందుకు పోతే యీ తేడా దానంతటదే పోతుందని వాదించే మిత్రులున్నారు. వారు లెక్కలు చూడాలి. భోర్ కమిటీ 1946 నివేదిక ప్రకారం వేయి సజీవ జననాలకు సుమారు 20 మంది తల్లులు, ఏడాదికి సుమారు రెండు లక్షల మంది చనిపోయేవారు. అది బ్రిటిషిండియా లెక్క. నిజాం సంస్థానపు తల్లులు చచ్చిపోయి కూడా అందులో అంకెలు కాలేదు. ఆసుపత్రి వున్నా సరే, బాలింతకు విశ్రాంతి ఎక్కడిది? విసునూరు దేశముఖు ఏలుబడిలో పచ్చి బాలింతలను పనికి తోలిన సంగతి సుందరయ్య తన తెలంగాణా పోరాట చరిత్రలో రాశాడు.

నిజాం కోడలు నీలోఫర్ పరిచారిక రఫతున్నీసా 1949లో కాన్పులో చనిపోయింది. ఆ దుఃఖం నుంచే ఆసుపత్రి పుట్టి 1953లో తెరుచుకుంది. నీలోఫర్ దుఃఖాన్ని నేను శంకించను. ఆ ఆసుపత్రి లెక్కలేనంత మంది పేద పిల్లలను బతికించింది. అయినా వొక మాట అనక తప్పదు. రాణివాసపు గడప లోపల జరిగింది గనుక ఆ చావు ఆసుపత్రి అయింది. దానికీ పేరు యజమానురాలిదే. ముడిమ్యాల పొలాల్లో పోయిన తల్లుల కోసం ఏ రాయీ పడలేదు.

యిప్పుడు తోవ వుంది. 2017లో వచ్చిన కేసీఆర్ కిట్ పథకం సర్కారు కాన్పుకు 12 వేలు, ఆడపిల్ల పుడితే 13 వేలు అంది. లాక్షణికులు వినవలసిన మాట. 2019-20 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి తెలంగాణాలో నూటికి 97 కాన్పులు ఆసుపత్రుల్లోనే. కాని వాటి పక్క అంకెలు చూడండి: ప్రైవేటు ఆసుపత్రి కాన్పుల్లో నూటికి 81.5, సర్కారు ఆసుపత్రుల్లో 44.5 కోతతోనే. 15-49 ఏళ్ల స్త్రీలలో నూటికి 57.6 మందికి రక్తహీనత. కత్తి వూరూరి ఆడకూతురికీ అందింది, కడుపుకు కూడు అందలేదు. కోత అవసరమైన తల్లికి అది ప్రాణదానమే. అవసరం లేని కోత మాత్రం వ్యాపారం, దానికి అప్పు చేసేది కూలి కుటుంబం.

ఆ ముసలామె మనుమరాలు కూడా పట్నంలో వొక ప్రైవేటు ఆసుపత్రిలో కోతతోనే కన్నది. బిల్లు కట్టడానికి మేకలు అమ్ముకున్నారు. అవ్వ తోడు పోయింది గాని కాన్పుగది గడప దాటనివ్వలేదట. “బయట బల్ల మీద కూసున్న” అంది.